సొంత చప్పుడు



ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న ఏ ఊళ్ళోనైనా ఇప్పుడొక బ్యాండ్ ఉంటుంది. నలుగురో ఐదుగురో కుర్రాళ్ళు, ఒక్కోసారి వాళ్ళలో ఒక అమ్మాయి. రెండు గిటార్లు, ఒక బేస్, డ్రమ్స్, మైకు. ఫెస్టులో వాళ్ళు స్టేజీ ఎక్కీ ఎక్కగానే కింద నుంచి కేకలు మొదలవుతాయి, ఫలానా హీరో పాట కొట్టన్నా అని. కొడతారు. ఈలలు, చప్పట్లు, సెల్‌ఫోను లైట్లు. అంతా అయ్యాక వైర్లు చుట్టుకుంటూ వాళ్ళలో ఒకడు గొణుక్కుంటాడు: గంటసేపు వాయించాం, ఇందులో మనదేముంది? ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ గొణుగుడు గురించి.

అది ఇవాళ పుట్టిన గొణుగుడు కాదు. మన దేశంలో రాక్ సంగీతం మొదలైందే ఎరువు తెచ్చుకున్న పాటలతో. 1970, 71 ప్రాంతంలో ఒక సిగరెట్ కంపెనీ తన సిమ్లా బ్రాండు పేరు మీద సిమ్లా బీట్ కాంటెస్ట్ అని పోటీలు పెట్టింది. ఊరూరి బ్యాండ్లు వచ్చి వాయించాయి. రెండేళ్ళు వరసగా ఆ పాటలతో ఎల్పీ రికార్డులు కూడా వచ్చాయి. పాడిందంతా ఇంగ్లీషులోనే. చప్పుడూ, వేషమూ లండన్‌వే, కాలిఫోర్నియావే. తప్పు పట్టడం లేదు. దిగుమతి రికార్డు ఒకటి చేతికి దొరికితే స్నేహితులంతా వంతులు వేసుకుని విన్న రోజులవి. విన్నదాన్ని విన్నట్టు వాయించడమే అప్పట్లో గొప్ప విద్య.

కవర్ పాట, అంటే ఇతరుల పాట, వాయించడాన్ని చిన్నచూపు చూసేవాళ్ళకు ఒక లెక్క చెబుతాను. 1963లో బీటిల్స్ మొదటి ఎల్పీ వచ్చింది. అందులో 14 పాటలుంటే, వాళ్ళలో లెనన్, మెకార్ట్నీ రాసుకున్నవి 8. మిగిలిన 6 ఇతరుల పాటలు. అంతకుముందు రెండు మూడేళ్ళపాటు వాళ్ళు జర్మనీలో హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రికి గంటల తరబడి నిలబడి అమెరికన్ల పాటలు వాయించారు. అన్ని గంటలు సాగదీయాలంటే తెలిసిన పాటలు చాలవు. అక్కడే చేయి తిరిగింది, అక్కడే ఒకరి ఊపిరి ఒకరికి తెలిసినట్టు వాయించడం నేర్చుకున్నారు. కాబట్టి కవర్ పాట బడి. బడికి వెళ్ళడంలో చిన్నతనం ఏముంది? జుట్టు నెరిసినా బడిలోనే కూర్చుంటేనే ఇబ్బంది.

బొంబాయిలో 1984లో రాక్ మెషీన్ అనే బ్యాండ్ మొదలైంది. వాళ్ళూ ముందు ఇతరుల పాటలే వాయించారు. 1988లో సొంత పాటలతో ఆల్బమ్ తెచ్చారు. 1993లో పేరే మార్చుకుని ఇండస్ క్రీడ్ అయ్యారు. సింధు నది పేరు తలకెక్కించుకోవడంలో వాళ్ళ మనసులోని వెతుకులాట తెలుస్తుంది. మంచి వాద్యగాళ్ళు. అయితే నా మటుకు నాకు పేరు మారినంతగా పాట మారినట్టు వినిపించదు. బోర్డు మార్చడం తేలిక, లోపలి సరుకు మార్చడం కష్టం.

సరుకు నిజంగా మారిన చోటు ఢిల్లీ. మీలో చాలామందికి ఇండియన్ ఓషన్ పేరు తెలిసే ఉంటుంది. ఇప్పుడది దేశమంతటికీ తెలిసిన బృందం, కానీ 1990లో అదీ ఒక పేటలోని కుర్రాళ్ళ బ్యాండే. గిటార్ వాయించే సుస్మిత్ సేన్, తబలా వాయిస్తూ పాడే అశీమ్ చక్రవర్తి దాని మొదటి మనుషులు. ఆ ఇద్దరి పరిచయం అంతకు కొన్నేళ్ళ ముందుది. రాక్ బ్యాండ్ అంటే డ్రమ్స్ ముందు గుర్తొస్తాయి. వీళ్ళకు మాత్రం గిటార్ పక్కన ముందు కూర్చున్నది తబలా. పుస్తకం చూసి వేసుకున్న పథకం కాదది. దొరికిన మిత్రుడు తబలా మనిషి, అంతే. ఆ ఒక్క కారణంతో ఆ బ్యాండ్ నడకే మారిపోయింది. తబలా పక్కన గిటార్ గట్టిగా అరిస్తే తబలా మునిగిపోతుంది. గిటార్ గొంతు తగ్గించుకోవాలి, తీగ తీగా విడివిడిగా పలకాలి. సుస్మిత్ గిటార్ రాగాల వైపు ఒరిగి, సన్నగా, సెలయేరులా నడవడానికి ఆయన అభిరుచి ఎంత కారణమో పక్కనున్న తబలా కూడా అంతే కారణమని నేననుకుంటాను.

డబ్బుల కథ కూడా అందులో కలిసింది. మొదట్లో వినిపించడానికి ఒక డెమో టేపు కావాలి. స్టూడియో అద్దెకు డబ్బులేవి? సుస్మిత్ తన ఎలక్ట్రిక్ గిటార్ అమ్మేశాడు. రాక్ గిటారిస్టు ఎలక్ట్రిక్ గిటార్ అమ్ముకోవడమంటే మాటలా! ఆ టేపు విన్న హెచ్ఎంవీ కంపెనీ వాళ్ళతో ఒప్పందం చేసుకుంది. బ్యాండ్ పేరుతోనే మొదటి ఆల్బమ్ 1993లో బయటికి వచ్చింది. అందులో మాటలు చాలా తక్కువ, వాద్యమే ఎక్కువ. ఏ భాషలో పాడాలి, ఏం పాడాలి అన్నది వాళ్ళకింకా తేలలేదు. తేలనప్పుడు తేలినట్టు నటించకుండా వాయిస్తూ ఊరుకున్నారు. కొత్త బ్యాండ్లు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. చెప్పడానికి మాట దొరక్క ముందే ఏవో నాలుగు ప్రాసలు అల్లి పాట అనిపించేసే తొందర మనలో చాలా ఉంది.

మాట ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. 1991లో బేస్ గిటార్ వాయించడానికి రాహుల్ రామ్ వచ్చాడు. కాన్పూరు ఐఐటీలో కెమిస్ట్రీ, అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పర్యావరణ విషాల మీద డాక్టరేట్. అంత చదువు చదివి తిరిగొచ్చి, నర్మద మీద ఆనకట్టలకు వ్యతిరేకంగా సాగిన నర్మదా బచావో ఆందోళనలో కొన్నేళ్ళు తిరిగాడు. నర్మదా లోయలో జనం నదిని తల్లీ అని పిలుస్తూ పాడుకునే పాటలు చెవినపడ్డాయి. మా రేవా అని వాళ్ళు తర్వాత వాయించిన పాట అలా వచ్చిందే. రేవా అంటే నర్మదే. 1994లో అమిత్ కిలామ్ డ్రమ్స్ మీదికి వచ్చాడు. అతను డ్రమ్స్‌తో ఆగడు. బెంగాలు బౌల్ గాయకులు చంకలో పెట్టుకుని తీగ లాగి పలికించే గబ్‌గుబీ కూడా వాయిస్తాడు, రికార్డర్ అనే పిల్లనగ్రోవి లాంటిదీ ఊదుతాడు. నాటి నుంచి నలుగురూ కుదిరారు. ఒకే బ్యాండ్‌లో తబలా, డ్రమ్స్ రెండూ ఉండటం ఒక చిక్కు. రెండు తాళవాద్యాలు ఒకదాన్నొకటి తొక్కుకోకుండా ఉండాలంటే ఎవరు ఎక్కడ ఊరుకోవాలో తెలియాలి. వాళ్ళ పాటల్లో ఖాళీలు ఎక్కువ. వాయించని చోట్లే ఆ బృందం ముద్ర.

1997 జనవరి 1న ఢిల్లీలో వీధి నాటక కళాకారుడు సఫ్దర్ హష్మీ స్మారక కార్యక్రమంలో వాళ్ళు ఆరుబయట వాయించినదే డెజర్ట్ రెయిన్ ఆల్బమ్ అయింది. స్టూడియోలో మెరుగులు దిద్దింది కాదు, జనం ముందు జరిగింది జరిగినట్టు రికార్డయింది. 2000లో కందీసా వచ్చింది. ఆ ఆల్బమ్‌తో వాళ్ళు మామూలు శ్రోతలకు చేరారు. దానిలో ఏమున్నాయో వినండి: నర్మద పాట మా రేవా. గోరఖ్ పాండే అనే వామపక్ష కవి రాసిన హిల్లే లే. కేరళ సిరియన్ క్రైస్తవులు తరతరాలుగా పాడుకుంటున్న అరమాయిక్ భాషలోని ప్రార్థన. అదే ఆల్బమ్‌కు పేరైన పాట. భోజ్‌పురి తిరుగుబాటు, నది తల్లి, రెండు వేల ఏళ్ళనాటి భాషలో దేవుడి స్తోత్రం. కాగితం మీద చూస్తే కిచిడీ. వింటే మాత్రం ఒకే ఇంటి పాటల్లా ఉంటాయి. ఎందుకంటే వాయించినవాళ్ళు ఆ నలుగురే. ఏళ్ళపాటు ఒకే గదిలో వాయించి వాయించి ఏ పాట వచ్చినా తమలోంచి పోనిచ్చే దారి వాళ్ళకు ఏర్పడింది. బాణీ అంటే నేనర్థం చేసుకున్నది ఇదే. ఎక్కడి పాట తెచ్చావన్నది తర్వాతి మాట, నీ చేతి గుండా వెళ్ళాక అది ఏమైందన్నదే ముందు మాట.

ఆ గది సంగతి కూడా చెప్పాలి. కరోల్ బాగ్‌లో ఒక పాత ఇంట్లో వాళ్ళు ఏళ్ళ తరబడి సాధన చేశారు. 2010లో ఒక ఆల్బమ్‌కు ఆ ఇంటి చిరునామానే పేరుగా పెట్టారు: 16/330 ఖజూర్ రోడ్. అందులోని పాటల్ని నెలకొకటి చొప్పున ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇచ్చారు. అప్పటికి అశీమ్ లేడు, 2009 డిసెంబరు 25న గుండెపోటుతో పోయాడు. ఆయన స్థానంలోకి ఇద్దరు రావలసి వచ్చింది, తబలాకు ఒకరు, పాటకు ఒకరు. ఒక మనిషి పోతే ఇద్దరు కావాల్సి రావడం కంటే ఆ బ్యాండ్‌లో అశీమ్ ఎవరో చెప్పే మాట మరొకటి లేదు. 2013లో సుస్మిత్ కూడా తప్పుకున్నాడు. బ్యాండ్ సాగుతోంది.

అందరికీ ఇలా కలిసిరాదు. కలకత్తాలో 1975లోనే గౌతమ్ చట్టోపాధ్యాయ, ఆయన తమ్ముళ్ళూ స్నేహితులూ కలిసి మొహీనేర్ ఘోడాగులి అని బెంగాలీలో పాడే బ్యాండ్ పెట్టారు. జీవనానంద దాస్ కవితలోంచి తీసిన పేరది. బౌల్ పాటనూ జాజ్‌నూ కలిపారు, నగరం గురించి, ఒంటరితనం గురించి పాడారు. 1977లో మొదటి రికార్డు వచ్చింది. జనం పెద్దగా పట్టించుకోలేదు. కొన్నేళ్ళకు ఎవరి దారిన వాళ్ళు పోయారు. 1990ల నడుమ గౌతమ్ కొత్త తరం కుర్రాళ్ళతో కలిసి ఆ పాటల్ని మళ్ళీ బయటికి తెచ్చాకే బెంగాలుకు తన వెనక ఏముందో తెలిసింది. 2006లో గ్యాంగ్‌స్టర్ అనే హిందీ సినిమాలో వచ్చిన భీగీ భీగీ పాట మీరు వినే ఉంటారు. దాని మూలం వాళ్ళ పాటే. ఇరవై ఏళ్ళు ముందు పుట్టడం కూడా కళాకారుడికి ఒక శిక్షే. కేరళలో అవియల్ బృందం కథ వేరు. మలయాళంలోనే పాడతామని పట్టుబట్టారు, 2008లో ఆల్బమ్ తెచ్చారు, వెంటనే జనం అందుకున్నారు. అప్పటికి ఇంటర్నెట్ వచ్చేసింది కదా.

ఇక మన సంగతి. తెలుగులో రాక్ బ్యాండ్లు ఎందుకు తక్కువ అని అడిగితే సినిమా అని అందరం ఒకే జవాబు చెబుతాం. నిజమే. మనకు పాట అంటే సినిమా పాటే. పెళ్ళికీ అదే, వినాయక చవితి పందిరికీ అదే, హైదరాబాదులో శనివారం రాత్రి పబ్బులోనూ అదే. పబ్బు మేనేజరు బ్యాండ్‌ను మాట్లాడుకునేటప్పుడే అడుగుతాడు, సెట్‌లో సినిమా పాటలెన్ని అని. ఒరిజినల్స్ ఉన్నాయంటే రెండు చాలంటాడు. వాటిని కూడా జనం భోజనానికి లేచే వేళ పెట్టమంటాడు. అయితే సినిమా మీద నేరం మోపి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు. బెంగాలుకు సినిమా లేదా? కేరళకు లేదా? ఇదే రేడియోలో సినిమాతో పనిలేని లలిత సంగీతం దశాబ్దాలపాటు నడిచింది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు, పాలగుమ్మి విశ్వనాథం గారు కట్టిన బాణీలు ఇంటింటా పాడుకున్నారు. సినిమా బయట పాట బతకగలదని తెలుగువాళ్ళకు ఒకరు కొత్తగా రుజువు చేయనక్కర్లేదు.

అసలు చిక్కు ఇంకోచోట ఉందని నా అనుమానం. మన బ్యాండ్లు తెలుగు మాటను ఇంగ్లీషు నడకలో కూర్చోబెడుతున్నాయి. రాక్ డ్రమ్స్‌లో నాలుగు దెబ్బల ఆవృత్తం, రెండో దెబ్బ మీదా నాలుగో దెబ్బ మీదా స్నేర్ ఠప్పుమంటుంది. ఇంగ్లీషు మాట చాలాసార్లు హల్లుతో ఠక్కున తెగుతుంది కాబట్టి ఆ దెబ్బకు సరిగ్గా అతుకుతుంది. తెలుగు మాట చివర అచ్చు ఉంటుంది, అది సాగుతుంది. వెళ్ళిపోతున్నాను అనే మాటను ఆ దెబ్బల మధ్య ఇరికించాలంటే గాయకుడు పళ్ళు నూరాలి, లేదా మాటనే ఇంగ్లీషు యాసలో నలిపేయాలి. మనవాళ్ళు చాలామంది నలిపేస్తున్నారు. విజయనగరంలో గురజాడ అప్పారావు గారు 1910లో ముత్యాల సరం నడకను తెచ్చినప్పుడు మూడూ నాలుగూ కలిపి ఏడు మాత్రల విరుపు పెట్టారు. తెలుగు మాట ఆ విరుపులో ఎంత హాయిగా కూర్చుంటుందో ఆయన చెవికి తెలుసు. ఏడు లెక్కపెట్టి వాయించే రాక్ డ్రమ్మర్లు లోకంలో బోలెడంత మంది ఉన్నారు, అదేం వింత కాదు. విశాఖపట్నం కుర్రాడు ఆ ఏడును విదేశీ ఆల్బమ్ నుంచి నేర్చుకుంటున్నాడు, పక్క జిల్లాలో తనకోసమే పెట్టి ఉంచినట్టున్న ఏడు అతని చెవిన పడలేదు.

దీన్ని విని, అయితే ఒక డప్పు పెట్టేద్దాం అనుకునేవాళ్ళుంటారు. అదే నా భయం. తెలుగుదనం కావాలని పాట మధ్యలో ఎనిమిది సెకన్లు డప్పు వేయడం, ఉడకని పప్పుకు తాలింపు పెట్టడం లాంటిది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గారిని భీమ్లా నాయక్ సినిమా పాట మొదట్లో విన్నాం. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చాలా సంతోషం. కానీ ఆ పాట తర్వాత కిన్నెర పక్కన గిటార్ పట్టుకుని ఒక ఏడాది కూర్చున్న బ్యాండ్ నాకైతే కనిపించలేదు. కిన్నెరకు దాని శ్రుతి ఉంది, దాని ఆగుడు ఉంది. ఒగ్గు కథలో డోలు కథకుడి మాటను ఎక్కడ అందుకుంటుందో, ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ళలో రొమ్ము మీది తప్పెట కాలి అడుగుతో ఎలా కలుస్తుందో పక్కన కూర్చుని చూస్తేనే తెలుస్తుంది. రాహుల్ రామ్ నర్మద పాట కోసం లోయకు వెళ్ళలేదు. వేరే పని మీద వెళ్ళి, అక్కడ ఉన్నాడు. పాట తనంతట తాను వెంట వచ్చింది.

మనకు ఆశ లేకపోలేదు. హైదరాబాదు నుంచి వచ్చిన చౌరస్తా బ్యాండ్ ఊరెళ్ళిపోతా మామ అన్న పాటతో మన పల్లె గొంతును, మన యాసను మొహమాటం లేకుండా గిటార్ ముందు నిలబెట్టింది. ఊరొదిలి నగరంలో ఇరుక్కున్న కుర్రాడి గోడు అది, అందుకే అన్ని వేల మంది సొంతం చేసుకున్నారు. ఆ గొంతు రామ్ మిరియాలది. ఆయన తర్వాత జాతిరత్నాలు సినిమాలో చిట్టి పాడి, డీజే టిల్లు పాటతో ఊరూవాడా ఊపేశారు. ఆయన ఎదిగినందుకు ఆనందమే. కాకపోతే సినిమాకు ఒక గాయకుడు దొరకడం, తెలుగుకు ఒక బ్యాండ్ నిలవడం ఒకటి కాదు. రెండోదానికి పదేళ్ళు ఒకే గదిలో ఉండే నలుగురు కావాలి. మనకు అక్కడే తెగిపోతోంది. నాలుగో సంవత్సరం రాగానే డ్రమ్మర్‌కు క్యాంపస్ ప్లేస్‌మెంట్ వచ్చి బెంగళూరు పోతాడు, బేస్ కుర్రాడు ఎంఎస్‌కని డల్లాస్ విమానం ఎక్కుతాడు. మిగిలిన ఇద్దరికీ సాధన చేసే జామ్ రూమ్ అద్దె బరువవుతుంది.

ఈ ప్రసంగం వింటున్న బ్యాండ్ కుర్రాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకు పెద్దరికం చేసి రెండు మాటలు చెప్పనివ్వండి. సాధన చేసిన ప్రతిసారీ ఫోనులోనైనా రికార్డు చేసి, మర్నాడు చల్లబడ్డాక వినండి. మీరు పొరపాటనుకున్న చోట ఒక్కోసారి మీ బాణీ దాగి ఉంటుంది. అందరికీ ఇష్టమైన బ్యాండ్ ఒకటే అయితే మీరు దానికి నకలవుతారు. ఒకడికి త్యాగరాజ కీర్తన, ఒకడికి మెటల్, ఒకడికి వాళ్ళ నాన్న పాడే యక్షగానం పద్యం ఇష్టమైతే గొడవలు తప్పవు గానీ ఆ గొడవలోంచే మీదంటూ ఒక చప్పుడు పుడుతుంది. చేతకానిదాన్ని దాచుకోకండి. తబలా మనిషి దొరికితే తబలాతోనే మొదలుపెట్టండి. మాట దొరికేదాకా వాయిస్తూ ఉండండి. పబ్బుల్లో సినిమా పాటలు వాయించి జామ్ రూమ్ అద్దె కట్టుకుంటే అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, మీ పాటలు ఆ డబ్బుతోనే తయారవుతాయి.

మిగతా శ్రోతలకు నాదొక విన్నపం. మీ ఊళ్ళో, మీ కాలేజీలో, మీ అపార్టుమెంటు వేడుకలో కుర్రాళ్ళ బ్యాండ్ వాయిస్తుంటే హీరో పాట అడిగేముందు, మీరు కట్టిన పాట ఒకటి వినిపించండి బాబూ అనండి. అది బాగుంటే మళ్ళీ అడగండి, బాగోకపోతే ఆ మాటా వాళ్ళతోనే చెప్పండి.